గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ పోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

మొన్నటి వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు తాంబరం అవతల ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతూ, ఇద్దరు నెల్లూరు పిల్లలతో కలిసి గదిలో ఉంటున్నాడు. "మావయ్యా, ఆట మధ్యలో తెర మీద ఆకుపచ్చ గళ్లు వచ్చాయి, ఆ తరువాత మొత్తం నల్లబడిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాని ఏమీ కనబడడం లేదు" అన్నాడు. మర్నాడు ఉదయమే దగ్గరలో ఉన్న ఒక దుకాణానికి తీసుకువెళితే, అక్కడివారు పది నిమిషాలు చూసి, బోర్డు పోయిందని, మార్చాలని చెప్పి, ఆ ల్యాప్‌టాప్ కొన్న ధరలో సగానికి మించిన మొత్తం అడిగారు. వాడు అదృష్టవశాత్తు అప్పటికప్పుడు ఒప్పుకోకుండా నా దగ్గరకు తెచ్చాడు. ఆ యంత్రంలో గ్రాఫిక్స్ చిప్ నిజంగానే పోయింది. అయినా అదే యంత్రం మీద, ఆ చిప్ లేకుండానే, వాడు మిగిలిన రెండు సెమిస్టర్లూ పూర్తి చేశాడు. గ్రాఫిక్స్ చిప్ పోవడం, ల్యాప్‌టాప్ పోవడం ఒకటి కాదని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

చెన్నైలో మనవాళ్ల పిల్లలు చాలామంది ఇంటి నుంచి అప్పు చేసి, లేదా వాయిదాల మీద, ఈ గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొంటున్నారు. ఆటల కోసమే కాదు, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం, మెషీన్ లెర్నింగ్ చదువు కోసం కూడా వీటిని కొంటారు. అది ఆగిపోయిన రోజు వారికి కలిగే ఆందోళన నాకు తెలుసు. ఆ ఆందోళనలో తీసుకునే నిర్ణయాల వల్లనే ఎక్కువ డబ్బు పోతుంది కనుక, మొదటి వారం రోజులు ఏ క్రమంలో నడవాలో కొంచెం విస్తరించి రాస్తున్నాను.

ముందుగా, లోపల ఏముందో

నేటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటిలోనూ రెండు గ్రాఫిక్స్ విభాగాలు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నది, అంటే ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్‌తో పాటే వచ్చే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్. రెండవది విడిగా ఉండే పెద్ద చిప్, అంటే ఎన్‌విడియా జీఫోర్స్ లేదా ఏఎండీ రేడియాన్. దీనిని మనం వాడుకలో గ్రాఫిక్స్ కార్డు అంటున్నాము కాని, డెస్క్‌టాప్‌లో మాదిరిగా ఊడదీసి మరొకటి పెట్టుకునే కార్డు ఇది కాదు. ఇది మదర్‌బోర్డు మీద వందల కొద్దీ టంకపు గుళికలతో అతికించిన చిప్. దాని చుట్టూ దాని సొంత మెమరీ చిప్‌లు, దానికి కరెంటు అందించే భాగాలు ఉంటాయి. ఈ మూడింటిలో ఏది చెడినా లక్షణాలు ఒకేలా కనబడతాయి కాని, మరమ్మతు ఖర్చులో మాత్రం ఎంతో తేడా ఉంటుంది.

ఈ రెండు విభాగాలు పని పంచుకునే పద్ధతిని ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ అనే పేరుతో తెచ్చింది. ఈ పద్ధతిలో పెద్ద చిప్ బొమ్మను తయారు చేసి చిన్నదానికి అందిస్తే, చిన్నది దానిని తెర మీదకు పంపుతుంది. అంటే తెర కలిసి ఉన్నది చిన్నదానితోనే కనుక, పెద్దది పోయినా తెర వెలగాలి. అయితే ఆటల వేగం పెంచడానికి ఇటీవలి మోడళ్లలో మక్స్ స్విచ్ అనే ఏర్పాటు చేశారు. దీనితో తెరను నేరుగా పెద్ద చిప్‌కు కలపవచ్చు. ఆ అమరికలో ఉండగా పెద్ద చిప్ చనిపోతే తెర పూర్తిగా నల్లబడి, బోర్డంతా పోయినట్టే కనబడుతుంది. మా మేనల్లుడి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. హెచ్‌డీఎంఐ సాకెట్టు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చాలా మోడళ్లలో ఆ సాకెట్టు పెద్ద చిప్‌కే కలిపి ఉంటుంది కనుక, అది పోయాక బయటి మానిటర్ తగిలించినా ఏమీ రాకపోవచ్చు. మానిటర్ మీద బొమ్మ రాలేదన్న ఒక్క కారణంతో బోర్డు పోయిందని తేల్చడం తప్పు.

మొదటి రోజు చేయవలసింది

తెర ఇంకా కనబడుతూ, అప్పుడప్పుడు గళ్లు, గీతలు, రంగు మచ్చలు వస్తున్న దశలో ఉన్నవారు వెంటనే ఆట ఆపి, ఫైళ్లను బయటి డ్రైవ్‌లోకి మార్చుకోవాలి. "ఇంకొకసారి చూద్దాం" అనుకుంటూ పదే పదే ఆట తెరిచి పరీక్షించవద్దు. చెడుతున్న చిప్ ఏ క్షణాన పూర్తిగా ఆగిపోతుందో చెప్పలేము.

ఫైళ్ల కన్నా ముందు చూసుకోవలసింది, డ్రైవ్‌కు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. డ్రైవ్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు పెట్టినా, బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని మూల ప్రోగ్రామ్) సెట్టింగులు మార్చినా, అది 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఫోన్‌లోనే ఆ ఖాతా తెరిచి, డివైస్‌ల జాబితాలో ఉన్న కీని కాగితం మీద రాసుకోవాలి. కళాశాల ఇచ్చిన ఈమెయిల్‌తో విండోస్ ప్రారంభించినవారి కీ ఆ కళాశాల ఖాతాలో ఉండవచ్చు, చదువు ముగిసి ఆ ఖాతా మూసివేస్తే తిరిగి పొందడం కష్టం. గ్రాఫిక్స్ చిప్ పోయినందుకు కాక, ఈ కీ లేనందుకు ప్రాజెక్టు మొత్తం పోగొట్టుకున్న పిల్లలను చూసిన బాధతో ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

తెర అసలే రానివారు కూడా ఫైళ్ల మీద ఆశ వదులుకోనక్కరలేదు. అడుగు మూత తీస్తే, ఫైళ్లు ఉండే డ్రైవ్, అంటే ఎం.2 ఎస్‌ఎస్‌డీ, ఒకే ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. దానిని తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే చిన్న పెట్టెలో పెట్టి, స్నేహితుని కంప్యూటర్‌కు తగిలిస్తే, కీ ఇచ్చిన తరువాత ఫైళ్లన్నీ కనబడతాయి. మూత తీసే ముందు ఛార్జర్ తీసివేసి, లోపల మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయాలి. బ్యాటరీ ఉబ్బి ఉన్నట్టు కనబడితే దానిని వంచడం, పొడవడం, అదిమి మూత వేయడం చేయకుండా అక్కడితో ఆపి, దుకాణానికి ఇవ్వాలి. వారంటీ ఇంకా ఉన్నవారు మూత తీసే ముందు తమ కంపెనీ నిబంధన చదువుకోవాలి. కొన్ని కంపెనీలు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవడానికి అనుమతిస్తాయి, కొన్ని స్క్రూ మీద స్టిక్కర్ వేస్తాయి.

పోయింది నిజంగా గ్రాఫిక్స్ చిప్పేనా?

ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఒక సాయంత్రం వెచ్చించడం అన్నిటికన్నా లాభదాయకం, ఎందుకంటే ఇవే లక్షణాలు తెర కేబుల్ వదులైనా, ర్యామ్ చెడినా, డ్రైవర్ (చిప్‌ను విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) పాడైనా, ఛార్జర్ బలహీనపడినా వస్తాయి.

తెర నల్లగా ఉంటే, ముందు చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ను తెర మీద వాలుగా వేసి చూడాలి. లోపల మసకగా బొమ్మ కనబడితే పోయింది తెర వెనుక దీపం మాత్రమే. ఏమీ కనబడకపోతే ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరవై క్షణాల పాటు నొక్కి పట్టి, మళ్లీ ఆన్ చేయాలి. అప్పటికీ రాకపోతే బయోస్‌ను మొదటి స్థితికి తేవాలి. కొన్ని మోడళ్లలో ఇందుకు లోపల నాణెం ఆకారపు బ్యాటరీని తీసి కొన్ని నిమిషాలు ఆగి పెట్టాలి. దీనివల్ల కొన్ని మోడళ్లలో మక్స్ స్విచ్ తిరిగి హైబ్రిడ్ స్థితికి, అంటే రెండు విభాగాలూ పని పంచుకునే స్థితికి వస్తుంది, తెర చిన్న విభాగానికి కలుస్తుంది. మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ఈ మెట్టు దగ్గరే వెలిగింది. కొత్త బోర్డు పేరుతో అడిగిన డబ్బుకు, ఒక నాణెపు బ్యాటరీని ఊడదీసి పెట్టడానికి మధ్య ఉన్న దూరం చూసి వాడి గదిలో పిల్లలందరూ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

తెర వెలుగుతూ గీతలు వస్తుంటే, వేరే పద్ధతి ఉంది. గీతలు కనబడుతున్న క్షణంలో స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫైలును ఫోన్‌కు పంపి, ఫోన్‌లో తెరిచి చూడాలి. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు తెరలోనో, దాని కేబుల్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్‌లో కూడా అవే గీతలు ఉంటే బొమ్మ తయారీలోనే లోపం ఉంది, అంటే చిప్, దాని మెమరీ, లేదా డ్రైవర్. ఆ తరువాత ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి చూడాలి. అక్కడ విండోస్ డ్రైవర్ ఏదీ పని చేయదు కనుక, బయోస్‌లో కూడా గీతలు కనబడితే డ్రైవర్ నిర్దోషి.

విండోస్ తెరుచుకుంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల కింద ఏముందో చూడాలి. పెద్ద చిప్ పేరు పక్కన పసుపు గుర్తు ఉండి, లోపల కోడ్ 43 అని ఉంటే, ఆ పరికరం తనలో లోపం ఉందని చెప్పినందున విండోస్ దానిని ఆపివేసిందని అర్థం. ఇది హార్డ్‌వేర్ లోపం కావచ్చు, డ్రైవర్ లోపమూ కావచ్చు. అసలు పేరే లేకుండా మాయమైతే హార్డ్‌వేర్ మీద అనుమానం బలపడుతుంది. విండోస్ తప్పుల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో ఎన్‌వీఎల్‌డీడీఎమ్‌కేఎమ్ (nvlddmkm, అంటే ఎన్‌విడియా డ్రైవర్) అనే పేరుతో వరుసగా తప్పులు నమోదై ఉండటం, వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే నీలి తెర రావడం కూడా ఇదే దారిలోని గుర్తులు. విండోస్ సాధారణంగా గ్రాఫిక్స్ చిప్ నుంచి జవాబు కోసం రెండు సెకన్లు ఆగి, రాకపోతే డ్రైవర్‌ను తిరిగి ప్రారంభిస్తుంది. ఆ ప్రయత్నం విఫలమైనప్పుడు వచ్చేదే ఆ నీలి తెర.

డ్రైవర్ అనుమానం తీర్చుకోవడానికి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనంతో పాత డ్రైవర్‌ను సమూలంగా తీసివేసి, ఆ సమయంలో ఇంటర్నెట్‌ను ఆపి ఉంచి, ల్యాప్‌టాప్ కంపెనీ తన సైట్‌లో ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్‌నే వేయాలి. విండోస్ తెరుచుకోకుండా ఆగిపోతుంటే, లోడ్ అవుతున్న సమయంలో మూడుసార్లు పవర్ బటన్‌తో ఆపితే రికవరీ తెర వస్తుంది, అక్కడి నుంచి సేఫ్ మోడ్‌కు దారి ఉంటుంది. ర్యామ్ సంగతి మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించి తేల్చుకోవచ్చు, లేదా రెండు ర్యామ్‌లు ఉంటే ఒకదాని తరువాత ఒకటి తీసి చూడవచ్చు.

ఛార్జర్‌ను చాలామంది మరచిపోతారు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు 180 వాట్లో, 230 వాట్లో ఇచ్చే ఛార్జర్ కావాలి. దాని పిన్ను అరిగినా, దాని స్థానంలో చిన్న టైప్-సీ ఛార్జర్ వాడినా, పెద్ద చిప్‌కు అవసరమైన విద్యుత్తు అందక ఆట మధ్యలో ఆగిపోతుంది. అదే మోడల్ ఉన్న స్నేహితుని ఛార్జర్‌తో ఒక గంట నడిపి చూడటానికి ఖర్చేమీ ఉండదు. ఇన్ని పరీక్షల తరువాత కూడా పెద్ద చిప్‌ను డిసేబుల్ చేస్తే యంత్రం సవ్యంగా నడిచి, ఎనేబుల్ చేయగానే చెడుతుంటే, ఇక సందేహం లేదు.

వేడి పెట్టి బాగు చేస్తామనే మాట గురించి

ఇక్కడ నేను గట్టిగా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. చిప్‌కు హీట్ గన్‌తో వేడి కొట్టి "రీఫ్లో" చేస్తే బాగవుతుందని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు, బోర్డును వంటగది ఓవెన్‌లో పెట్టమనే వీడియోలూ ఉన్నాయి. ఆ పని చేయవద్దు.

చిప్ ఎందుకు పోతుందో తెలిస్తే కారణం అర్థమవుతుంది. ఆట ఆడేటప్పుడు చిప్ ఎనభై డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆపగానే గది ఉష్ణోగ్రతకు దిగుతుంది. ఇలా వేల సార్లు వ్యాకోచించి, సంకోచించడం వల్ల సిలికాన్ ముక్కకు, దాని కింది పలకకు, బోర్డుకు మధ్య ఉన్న సూక్ష్మమైన అతుకులు అలసిపోయి పగులుతాయి. 2008 జూలైలో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్నింటి ప్యాకేజీ పదార్థం బలహీనంగా ఉండి చెడుతున్నాయని ప్రకటించి, వాటి ఖర్చు కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్ల వరకు కేటాయించింది. ఆపిల్ కూడా 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోలలో గ్రాఫిక్స్ లోపాలకు 2015 ఫిబ్రవరిలో ఉచిత మరమ్మతు కార్యక్రమం ప్రకటించవలసి వచ్చింది. 2008 నాటి చిప్‌లలో పగుళ్లు చిప్ కింది పెద్ద గుళికలలో కాక, చిప్ ప్యాకేజీ లోపలి సూక్ష్మమైన అతుకులలో ఉండేవి. వేడి పెట్టినప్పుడు ఆ అతుకులు కొద్దిగా కదిలి, తాత్కాలికంగా తగులుకొని, బాగయినట్టు కనబడి, వారాలలోనో నెలలలోనో తిరిగి విడిపోయేవి. దుకాణం ఇచ్చే ముప్పై రోజుల వారంటీ దాటాక విడిపోతే మనకు దిక్కు లేదు.

సీసం లేని టంకం కరగాలంటే దాదాపు 217 డిగ్రీలు దాటాలి. అడ్డూ అదుపూ లేకుండా అంత వేడి పెడితే పక్కనున్న మెమరీ చిప్‌లు, ప్లాస్టిక్ కనెక్టర్లు, బోర్డు పొరలు దెబ్బతింటాయి. ఆ తరువాత నిపుణుడైన మరమ్మతుదారు కూడా ఆ బోర్డును ముట్టడు. ఒక చిన్న పవర్ భాగం మార్చితే సరిపోయే బోర్డును ఇలా చంపుకున్న సందర్భాలే ఎక్కువ.

చెన్నైలో ఉన్నవారికి మరొక శత్రువు తేమ. తిరువాన్మియూరు, నీలాంగరై వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాలలో ఉప్పుగాలి వల్ల కనెక్టర్లు తొందరగా పాడవుతాయి. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానులో వేళచ్చేరి, పల్లికరణై ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు తడిసిన యంత్రాలను ఆరబెట్టి వాడుకున్నవారు ఉన్నారు. అటువంటి బోర్డులో తుప్పు లోలోపల నెలల తరబడి పాకుతుంది. అలాంటి చరిత్ర మీ యంత్రానికి ఉంటే మరమ్మతుదారుకు దాచకుండా చెప్పండి, అతను శుభ్రపరచడంతో మొదలుపెడతాడు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో మెట్రో పనుల దుమ్ము మధ్య ఉండేవారు ఫ్యాన్లను ఆరు నెలలకు ఒకసారైనా శుభ్రం చేయించుకోవాలని నా సలహా.

పెద్ద చిప్ లేకుండా నడుపుకోవడం

బయోస్‌లో పెద్ద చిప్‌ను ఆపే అవకాశం ఉంటే అదే శ్రేష్ఠం. కొన్ని మోడళ్లలో కంపెనీ ఇచ్చిన అప్లికేషన్‌లోనే ఆ వీలు ఉంటుంది. ఆసుస్‌లో దానిని ఎకో మోడ్ అంటారు, లెనోవో లీజియన్‌లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మాత్రమే వాడే హైబ్రిడ్ మోడ్ ఒకటి ఉంటుంది. ఇవేవీ లేకపోతే డివైస్ మేనేజర్‌లో దానిని డిసేబుల్ చేయాలి, అన్‌ఇన్‌స్టాల్ కాదు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ అప్‌డేట్ మళ్లీ డ్రైవర్‌ను తెచ్చి పెడుతుంది, తెర మళ్లీ నల్లబడుతుంది. పెద్ద అప్‌డేట్ తరువాత కూడా ఒకసారి చూసుకోవాలి, కొన్నిసార్లు అది తిరిగి ఎనేబుల్ అయి ఉంటుంది. ఉబుంటు వాడేవారు ప్రైమ్-సెలెక్ట్ ఆదేశంతో ఇంటెల్‌ను ఎంచుకోవచ్చు.

డిసేబుల్ చేసినంత మాత్రాన చిప్‌కు కరెంటు పూర్తిగా ఆగుతుందని చెప్పలేము. దాని పవర్ విభాగంలో షార్ట్ ఉంటే యంత్రం అసలే ఆన్ కాదు. ఆ పరిస్థితిలో అనుభవం గల మరమ్మతుదారు ఆ చిప్‌కు కరెంటు వెళ్లే కాయిల్‌ను బోర్డు నుంచి లేపి, చిప్‌ను శాశ్వతంగా వేరు చేస్తాడు. అన్ని మోడళ్లలో ఇది సాధ్యం కాదు, కొన్నింటికి బయోస్ కూడా మార్చవలసి వస్తుంది. అయినా బోర్డు మార్చడం కన్నా ఇది ఎంతో చౌక, అడిగితే తప్ప చాలా దుకాణాలు ఈ దారి చెప్పవు.

ఇలా నడిచే యంత్రానికి ర్యామ్ ముఖ్యం. చిన్న గ్రాఫిక్స్ విభాగానికి సొంత మెమరీ లేదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే 8 జీబీ ర్యామ్ ఉన్నవారు అదే రకం మరొకటి కొని రెండవ స్లాట్‌లో పెడితే, రెండు దారుల్లో డేటా నడిచి, తేడా కంటికి కనబడేంత ఉంటుంది. పాత ఆటలు, తేలికైన ఆటలు సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. కోడింగ్, ఆటోక్యాడ్‌లో సాధారణ డ్రాయింగులు, వీడియో క్లాసులు నిశ్చింతగా సాగుతాయి. బ్లెండర్‌లో రెండరింగ్ ప్రాసెసర్ మీద నెమ్మదిగా జరుగుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. ఎన్‌విడియా చిప్‌ల మీద లెక్కలు నడిపే సీయూడీఏ (CUDA) అవసరమైన మెషీన్ లెర్నింగ్ విద్యార్థులు గూగుల్ కోల్యాబ్, కాగుల్ ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా ఇచ్చే జీపీయూలను, అంటే గ్రాఫిక్స్ చిప్‌లను, వాడుకోవచ్చు. మా మేనల్లుడు చివరి ప్రాజెక్టు మొత్తం అలాగే చేశాడు.

వారంటీ ఉన్నవారికి

బిల్లు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని, కంపెనీ సైట్‌లో వారంటీ తేదీ చూడాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నామా లేదా అన్నది చాలామందికి గుర్తుండదు. గీతలు కనబడిన ప్రతిసారీ ఫోన్‌తో వీడియో తీసి ఉంచాలి, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌లో ఆ పది నిమిషాలు యంత్రం బుద్ధిగా నడిచి, "లోపం కనబడలేదు" అని తిరిగి ఇచ్చే సందర్భాలు ఉన్నాయి. ఫిర్యాదు ఫోన్‌లో చెప్పినా, అదే విషయం ఈమెయిల్‌లో రాసి, కేసు నంబరు తీసుకోవాలి. వారంటీ ముగియడానికి కొద్ది రోజులే ఉన్నప్పుడు ఆ ఈమెయిల్ తేదీయే మీ రక్షణ. బోర్డు మారిస్తే, మార్చిన బోర్డు మీద ఎన్నాళ్ల వారంటీ ఉందో జాబ్ షీట్ మీద రాయించుకోండి.

న్యాయమైన కోరికను కంపెనీ తోసిపుచ్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఈ చట్టం మనబోటి వలసవచ్చిన వారికి చేసిన మేలు ఏమిటంటే, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, మనం నివసించే చోట లేదా ఉద్యోగం చేసే చోట ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల వరకు విలువ ఉన్న కొనుగోళ్లకు రుసుము లేదు. ఫిర్యాదుకు కారణమైన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

రిచీ స్ట్రీట్‌కు వెళ్లేటప్పుడు

వారంటీ లేనివారికి చెన్నైలో సహజమైన గమ్యం మౌంట్ రోడ్డును ఆనుకుని, చింతాద్రిపేట పక్కన ఉన్న రిచీ స్ట్రీట్. అక్కడ చిప్ లెవల్ మరమ్మతు నిజంగా తెలిసినవారు ఉన్నారు, యంత్రం తీసుకుని వెనుక సందులో మరొకరికి ఇచ్చి మధ్యలో కమీషన్ తినేవారూ ఉన్నారు. పని చేసే మనిషితో నేరుగా మాట్లాడగలిగితే సగం సమస్య తీరినట్టే. భాష గురించి బెంగ వద్దు. తమిళం రాకపోయినా హిందీతో, ఇంగ్లీషుతో పని జరుగుతుంది, తెలుగు అర్థం చేసుకునేవారూ తగులుతారు.

యంత్రం ఇచ్చే ముందు ఎస్‌ఎస్‌డీ తీసి ఇంట్లో ఉంచండి. బోర్డు పరీక్షకు మీ ఫైళ్లతో పని లేదు. ర్యామ్, బ్యాటరీ, ఛార్జర్ మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసి, జాబ్ షీట్ మీద రాయించండి. తరువాత అడగవలసిన ప్రశ్న ఒక్కటే, "చిప్ కోర్ పోయిందా, మెమరీ చిప్ పోయిందా, పవర్ భాగం పోయిందా?" కోర్ అంటే అసలు గ్రాఫిక్స్ చిప్పే. మీటరు పెట్టకుండానే కోర్ పోయిందని చెప్పేవారి దగ్గర ఆగనక్కరలేదు. మంచి చిప్‌లో కూడా కోర్ లైనుకు, గ్రౌండ్‌కు మధ్య నిరోధం ఒక ఓమ్ దరిదాపుల్లోనో, అంతకన్నా తక్కువో ఉంటుంది. అది తెలియనివారు మంచి చిప్‌ను కూడా షార్ట్ అయిందని అనుకుంటారు. గీతలు, గళ్లు మాత్రమే వచ్చే యంత్రంలో చాలాసార్లు ఒక మెమరీ చిప్ మాత్రమే చెడి ఉంటుంది, దానిని మార్చడం కోర్ మార్చడం కన్నా తేలిక. యంత్రం ఆన్ కాకుండా ఉంటే పవర్ విభాగంలో కరెంటును నియంత్రించే ఒక మాస్‌ఫెట్టో, ఒక కెపాసిటరో షార్ట్ అయి ఉండవచ్చు.

కోర్ మార్చాలంటే ఆ చిప్ కొత్తదా, మరొక బోర్డు నుంచి తీసినదా అన్నది అడగాలి. "రీబాలింగ్" అంటే పాత చిప్‌నే తీసి, కింద కొత్త గుళికలు వేసి, తిరిగి అతికించడం. చిప్ లోపలే పగులు ఉంటే దానివల్ల ప్రయోజనం లేదు. పని అయ్యాక మీ ఎదుట ఒక గంట భారీ ఆటో, స్ట్రెస్ టెస్టో నడిపి, ఉష్ణోగ్రత చూపమనండి. చాలా మోడళ్లలో చిప్ 87 డిగ్రీల దగ్గర తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది. ఆ హద్దును ఐదు నిమిషాల్లోనే తాకుతుంటే వేడిని చిప్ నుంచి లాగే పేస్టు, ప్యాడ్‌లు సరిగా వేయలేదని అర్థం. తీసివేసిన భాగాలు తిరిగి ఇమ్మనండి, బిల్లు మీద ఎన్ని రోజుల హామీ అన్నది రాయించండి.

ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చన్న దానికి నాదొక లెక్క ఉంది. అదే మోడల్ ఈ రోజు సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు దొరుకుతుందో చూసి, మరమ్మతు అడిగిన మొత్తం అందులో మూడవ వంతు లోపు ఉంటే చేయిస్తాను, సగం దాటితే చేయించను. థండర్‌బోల్ట్ అనే అతివేగపు సాకెట్టు ఉన్నవారు బయటి గ్రాఫిక్స్ పెట్టె కొనే ఆలోచన చేస్తారు. పెట్టె, కార్డు, మానిటర్ కలిపి చూస్తే ఆ మొత్తం మామూలు డెస్క్‌టాప్ ధరకు చాలా దగ్గరకు వస్తుంది, పైగా టైప్-సీ సాకెట్టు ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌లో థండర్‌బోల్ట్ ఉండదు. హాస్టల్ గదిలో ఉండేవారికి దీనిని నేను సిఫారసు చేయను.

అమ్మివేయదలచినవారు "డెడ్" అని కిలోల లెక్కన ఇవ్వకూడదు. తెర, కీబోర్డు, బ్యాటరీ, ఛార్జర్, ర్యామ్ బాగున్న యంత్రాన్ని, అదే మోడల్‌లో తెర పగిలినవారు విడిభాగాల కోసం వెతుక్కుంటూ ఉంటారు. లోపం ఏమిటో దాచకుండా రాసి, ఎస్‌ఎస్‌డీ మీ దగ్గరే ఉంచుకుని అమ్మండి. మా మేనల్లుడు చదువు ముగిశాక తన యంత్రాన్ని అలాగే, పెద్ద చిప్ పని చేయదని కాగితం మీద రాసి ఇచ్చి, గూడూరు నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థికి ఇచ్చాడు. ఆ అబ్బాయికి కావలసింది కోడింగ్ నేర్చుకోవడానికి ఒక యంత్రం, ఆటలు కాదు. బిట్‌లాకర్ కీ రాసిన కాగితాన్ని మాత్రం వాడు తన దగ్గరే ఉంచుకున్నాడు, తీసి దాచిన పాత ఎస్‌ఎస్‌డీతో పాటు.